పక్కింటి పండుగ గురించి పిల్లలకు ఏం చెప్పాం?

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసిమ్మని కార్యదర్శి గారు అడిగినప్పుడు రాజుల మీద, యుద్ధాల మీద రాయబుద్ధి కాలేదు. మన బడుల్లో మతాల గురించి పిల్లలకు ఏం చెప్పారు, ఏం చెప్పకుండా వదిలేశారు అన్నది కూడా చరిత్రే. దాని ఫలితం మన ఇళ్లలోనే అనుభవించాం గనుక నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

మా నాన్నగారు నిజాం కాలపు సర్కారు బడిలో చదివారు. అప్పట్లో ముస్లిం పిల్లలకు 'దీనియాత్', మిగతా వారికి 'అఖ్లాక్' అనే పాఠాలు ఉండేవి. మొదటిది మతధర్మం, రెండోది నీతిబోధ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ ఈ పద్ధతే నడిచింది. లెక్కలప్పుడు ఒకే బల్ల మీద కూర్చున్న పిల్లలు ఆ గంట కొట్టగానే రెండు గదుల్లోకి విడిపోయేవారట. పక్క గదిలో ఏం చెబుతారో తనకు ఏనాడూ తెలియలేదని నాన్నగారు అంటుండేవారు.

1950లో రాజ్యాంగం అమలులోకి వచ్చింది. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండరాదని 28వ అధికరణం చెప్పింది. ప్రభుత్వ గుర్తింపు గానీ సహాయం గానీ ఉన్న ఇతర సంస్థల్లో కూడా ఇష్టం లేని వారిని మతబోధకు కూర్చోబెట్టరాదు. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఇది న్యాయమే. అయితే ఒక మతాన్ని బోధించడం వేరు, మతాలను గురించి తెలియజెప్పడం వేరు. ఈ తేడాను మన పెద్దలు మొదటి నుంచీ గుర్తించారు. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం అన్ని మతాల మహనీయుల జీవితాలు విద్యార్థులకు చెప్పాలన్నది. 1959లో శ్రీప్రకాశ గారి సంఘాన్ని ఈ విషయానికే వేశారు. 1964-66 నాటి కొఠారి కమిషన్ ప్రధాన మతాలన్నిటిని గురించీ తగిన సమాచారం పాఠాల్లో ఉండాలన్నది. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా మతాల గురించి చెప్పడం 28వ అధికరణానికి విరుద్ధం కాదని తీర్పు ఇచ్చింది.

ఫైలు ఇలా బల్ల మీది నుంచి బల్ల మీదికి నడిచింది. మేం చదువుకున్న తరగతి గదిలోకి మాత్రం రాలేదు. బుద్ధుడు, ఏసు, మహమ్మదు ప్రవక్త - ఒక్కొక్కరికి ఒక పేరా, పరీక్షకు ఐదు మార్కులు. అంతటితో సరి. మా నాన్నగారికి రెండు గదులు ఉండేవి, మాకు ఒక్క గదీ లేకపోయింది.

దీని వల్ల నష్టమేమిటో నాకు 1990 డిసెంబరులో తెలిసింది. ఆ అల్లర్లలో నగరంలో వందకు పైగా ప్రాణాలు పోయాయి. కర్ఫ్యూ వల్ల బడులు మూసేశారు. ఎనిమిదేళ్ల మా అబ్బాయి వీధిలో ఏం విన్నాడో గానీ, "నాన్నా, మన దర్జీ తాత కూడా కత్తి దాచుకున్నాడా?" అని అడిగాడు. చిక్కడపల్లి బజారులో వాడి మొదటి లాగు కుట్టింది ఆ సాయిబు గారే. "పిచ్చి మాటలు ఆపి చదువుకో" అని కసిరాను తప్ప వాడికి ఇంకొక మాట చెప్పలేకపోయాను. చాలా కాలం వాడు ఆ దుకాణం మెట్టు ఎక్కలేదు. "చిన్నబాబు రావడం లేదేం సాబ్?" అని ఆయన అడిగితే "పరీక్షలు" అని అబద్ధం చెప్పాను. ఆయన ఇప్పుడు లేరు. ఆ అబద్ధం నాతోనే ఉంది.

ఆలోచిస్తే తప్పు పిల్లవాడిది కాదు. ఆఫీసులో ఏటా సాధారణ సెలవుల జాబితా నేనే టైపు చేసేవాణ్ణి. రంజాన్ తేదీ నెలవంకను బట్టి మారవచ్చని కింద ఒక వాక్యం కొట్టేవాణ్ణి. ఎందుకు మారుతుందని పక్క సీటులోని ముస్లిం మిత్రుణ్ణి ఒక్కసారైనా అడగలేదు. మొన్న మనవడు అడిగితే చదివి తెలుసుకున్నాను. వారిది చాంద్రమాన సంవత్సరం, సుమారు 354 రోజులు. అందుకే రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. మన పంచాంగానిదీ చాంద్రమానమే అయినా అధిక మాసం కలుపుకుంటాం గనుక మన పండుగలు ఋతువు తప్పవు. ఇంత చిన్న విషయం తెలుసుకోవడానికి నాకు డెబ్బై ఏళ్లు పట్టింది.

పిల్లలకు చెప్పడానికి మన పేటలు దాటి పోనక్కరలేదు. నారాయణగూడ క్రైస్తవ శ్మశానంలో నవంబరు 2న సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. షబేబరాత్ రాత్రి ముస్లింలు తమ పెద్దల సమాధుల దగ్గరికి వెళతారు. మనం పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇస్తాం. ముగ్గురి నమ్మకాలు ఒకటి కావు, ఆ తేడా కూడా పిల్లలకు చెప్పాలి. పోయిన వారిని మరచిపోకూడదనే మనసు మాత్రం ఒకటే.

అశోక్‌నగర్ నుంచి ఇందిరా పార్కు వైపు నడిస్తే దోమలగూడలో రామకృష్ణ మఠం ఉంది. రామకృష్ణ మఠాల్లో క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం ఏసుక్రీస్తు పటం పెట్టి ఆరాధిస్తారు. ఆ మఠం చూపిస్తూ పిల్లలకు చెప్పదగిన కథ ఒకటి మన ఊళ్లోనే జరిగింది. 1893 ఫిబ్రవరిలో వివేకానంద స్వామి హైదరాబాదు వచ్చారు. 13వ తేదీన సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో ప్రసంగించారు. పైగా వంశపు నవాబు ఖుర్షీద్ జా ఆయనను తన భవనానికి ఆహ్వానించి మతాల గురించి చాలా సేపు మాట్లాడారు. ఆ నవాబు హిందూ పుణ్యక్షేత్రాలు తిరిగి చూసినవారు. స్వామి విదేశ ప్రయాణానికి వెయ్యి రూపాయలు ఇస్తానన్నారు. స్వామి అప్పటికి వద్దన్నా, ఆ మాట గొప్పది. అదే ఏడు సెప్టెంబరు 11న చికాగో సర్వమత సభ మొదలయింది.

వేసవి సెలవుల్లో మన మనవలను, మనవరాళ్లను పది మంది చొప్పున ఒక గుడికి, మసీదుకు, చర్చికి, గౌలీగూడ గురుద్వారాకు తీసుకుపోదామని నా సూచన. ముందుగా అక్కడి పెద్దల అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలి. ఎవరి మతాన్ని వారే చెప్పాలి, పిల్లలు ప్రశ్నలు అడగాలి, మనం మధ్యలో మాట్లాడకూడదు. మనకు ఓపిక ఉంది, తీరిక ఉంది. నేను మా అబ్బాయికి ఇవ్వలేకపోయిన జవాబు మన మనవలకైనా దొరకాలి. సంఘ పెద్దలు ఆలోచించవలసిందిగా సవినయంగా కోరుతున్నాను.