తిరువయ్యారు ఆరాధన: ఎవరు పాడవచ్చు?



ఏటా పుష్య బహుళ పంచమి నాడు, అంటే జనవరిలోనో ఫిబ్రవరి మొదటి రోజుల్లోనో, కావేరి ఒడ్డున తిరువయ్యారులో జరిగే త్యాగరాజ ఆరాధనను మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. పెద్ద పందిరి. నేలమీద వరసలుగా కూర్చున్న వందలాది గాయకులు. ఒకవైపు పురుషులు, ఒకవైపు స్త్రీలు. వయొలిన్లు, వేణువులు, మృదంగాలు. అందరూ ఒకే శ్రుతిలో నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని పంచరత్న కృతులను వరసగా పాడతారు. వాటిలో మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగు. పాడేవారిలో ఎక్కువమంది ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు.

ఈ దృశ్యం చూస్తే త్యాగరాజు కాలం నుంచీ ఇది ఇలాగే జరుగుతోందని అనిపిస్తుంది. కానీ అది నిజం కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి నాలుగు దశాబ్దాల్లో అక్కడ రెండు వర్గాలు విడివిడిగా ఉత్సవం జరిపేవి. ఆ రెండింటిలోనూ స్త్రీలకు పాడే చోటు లేదు. ఆ పరిస్థితి ఎలా మారిందో ఇవాళ తెలుసుకుందాం.

తిరువయ్యారు తంజావూరుకు దగ్గరలో ఉంది. 'ఐ' అంటే అయిదు, 'ఆరు' అంటే నది. మనవాళ్లు పంచనద క్షేత్రమన్నది ఈ ఊరినే. నాయక రాజుల కాలం నుంచి తంజావూరు సీమలో తెలుగు రాజాస్థానంలోనూ, సంగీతంలోనూ పాతుకుపోయింది. 1767లో పుట్టిన త్యాగరాజు తెలుగు కుటుంబంలో జన్మించి, తమిళదేశంలో పెరిగి, తన జీవితంలో అధిక భాగం ఈ ఊళ్లోనే గడిపాడు. 1847 జనవరి 6న దేహం చాలించాడు. అంతకు కొద్దిముందు సన్యాసం తీసుకున్నాడు కనుక ఆయనను దహనం చేయలేదు, కావేరి ఒడ్డున సమాధి చేశారు. ఈ చిన్న విషయం గుర్తుంచుకోండి. సమాధి ఉంది కాబట్టే తర్వాతి కథంతా ఉంది.

ఆయనకు ఒక్కతే కూతురు. ఆమె కొడుకుకు సంతానం కలగలేదు. శిష్యులు వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం వంటి ఊళ్లకు చెందినవారు. గురువు తిథిని ఎవరి ఊళ్లో వాళ్లు చేసుకునేవారు. సమాధిని చూసుకునే వారసులు లేకపోయారు. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ పొదలు పెరిగాయి. 1900 దాటిన తర్వాతే శిష్యపరంపరలోని వారు సమాధిని వెతికి బాగుచేసి, తిరువయ్యారులోనే ఆరాధన జరపడం మొదలుపెట్టారు. తిల్లైస్థానం నరసింహ భాగవతార్, పంజు భాగవతార్ అనే అన్నదమ్ములు ఇందులో ముఖ్యులు.

ఆ అన్నదమ్ములకే పడలేదు. కొన్నేళ్లలోనే ఉత్సవం పెరియ కట్చి, చిన్న కట్చి అని రెండుగా చీలింది. 'కట్చి' అంటే తమిళంలో పక్షం, పార్టీ. ఆ తర్వాత పెద్ద పక్షానికి వయొలిన్ విద్వాంసుడు మలైక్కోట్టై గోవిందస్వామి పిళ్ళై, చిన్న పక్షానికి శూలమంగళం వైద్యనాథ భాగవతార్ అండగా నిలిచారు. ఒక పక్షం పంచమి నాటికి ముగించేది. మరో పక్షం ఆనాడు మొదలుపెట్టేది. భక్తి ఒకటే, వేదికలు రెండు. చందాలు కూడా రెండుసార్లు! ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ పూర్తి ఏకాభిప్రాయం ఉండేది. స్త్రీలు పాడకూడదు.

ఇప్పుడు మన కథలోకి బెంగుళూరు నాగరత్నమ్మ వస్తుంది. ఈమె 1878లో మైసూరు రాజ్యంలోని నంజనగూడులో ఒక దేవదాసి కుటుంబంలో పుట్టింది. సంస్కృతం, తెలుగు, కన్నడం చదువుకుంది. మద్రాసులో స్థిరపడి, కచేరీలు చేసి, బాగా ఆర్జించింది. తెలుగు విద్యార్థులకు ఈమె పేరు మరొకచోట కూడా తగులుతుంది. పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను 1910లో పరిష్కరించి అచ్చు వేయించింది ఈమే. ఆ పుస్తకం అశ్లీలమని ప్రభుత్వం మరుసటి ఏడాది నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉండగా గానీ ఆ నిషేధం తొలగలేదు. అంటే త్యాగరాజ సమాధి దగ్గరికి వచ్చేసరికే ఆమెకు పెద్దమనుషులను ఎదిరించిన అనుభవం ఉంది.

సమాధి దుస్థితి గురించి ఆమెకు తెలిపింది మైసూరు విద్వాంసుడు, ఆమె గురువు బిడారం కృష్ణప్ప. రెండు పక్షాలూ ఏటా ఉత్సవం చేస్తూనే ఉన్నా, అక్కడ గుడి అంటూ లేదు. నాగరత్నమ్మ తన సొంత డబ్బుతో స్థలం సంపాదించింది. 1921లో పునాది వేయించింది. రాతి విగ్రహం చెక్కించింది. 1920ల మధ్యలో గుడి పూర్తయింది. గుడి కట్టినావిడ అక్కడ పాడతానంటే రెండు పక్షాలూ కాదన్నాయి.

కారణం ఆమె స్త్రీ కావడం ఒక్కటే కాదు, దేవదాసి కావడం కూడా. ఆ రోజులను ఒకసారి ఊహించుకోండి. 1927లో మద్రాసు శాసనమండలిలో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి దేవదాసీ వ్యవస్థకు వ్యతిరేకంగా తీర్మానం తెచ్చారు. బాలికలను ఆ వృత్తి నుంచి కాపాడాలన్న ఆమె పట్టుదల న్యాయమైనదే. అయితే ఆ చర్చలో దేవదాసి అనే మాటకు ఒక్క అర్థమే మిగిలింది. తరతరాలుగా సంగీతాన్ని, నాట్యాన్ని, సాహిత్యాన్ని కాపాడిన కుటుంబాలుగా వాళ్లను చూసేవారు తగ్గిపోయారు. నాగరత్నమ్మ ఆ బిల్లును వ్యతిరేకించినవారిలో ఒకరు. ముత్తులక్ష్మీ రెడ్డిది తప్పు, నాగరత్నమ్మది ఒప్పు అని గానీ, అందుకు విరుద్ధంగా గానీ పరీక్ష కాగితంలో ఒక్క ముక్కలో రాసేయకండి. ఇద్దరూ స్త్రీల గౌరవం గురించే మాట్లాడారు.

పాడనివ్వకపోతే ఏం చేయాలి? అదే 1927 నుంచి నాగరత్నమ్మ స్త్రీలను కూడగట్టి మూడో పక్షం పెట్టింది. దానికి 'పెణ్గళ్ కట్చి', అంటే ఆడవాళ్ల పక్షం, అని పేరు. మగవాళ్లు గుడి ముందు పాడుతుంటే వీళ్లు గుడి వెనక పాడేవారు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో ఇంతకు మించిన ఘట్టం లేదు. ఆమె తలుపులు మూయించి ఎవరినీ ఆపలేదు. తాను కట్టిన గుడికే వెనకవైపున కూర్చుని, శ్రుతి పెట్టుకుని, పాడింది. ఆ పని ఒక ఏడాదితో ఆగలేదు కూడా.

1940లో ప్రభుత్వాధికారి ఎస్.వై. కృష్ణస్వామి, విద్వాంసుడు ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ వంటివారి చొరవతో మూడు పక్షాలూ కలిశాయి. త్యాగబ్రహ్మ మహోత్సవ సభ ఏర్పడింది. స్త్రీలకు ప్రధాన వేదిక మీద చోటు దొరికింది. మొదట్లో చెప్పిన పంచరత్న గోష్ఠిగానం కూడా ఈ ఐక్యత తర్వాత, 1940లలో, స్థిరపడినదే. ఇది ఎంత కష్టమైన పనో సంగీతం నేర్చుకునేవారికి తెలుస్తుంది. ఒకే కృతిని వాలాజాపేట వారు ఒకలా, ఉమయాళ్‌పురం వారు మరోలా పాడతారు. దీన్ని పాఠాంతరం అంటారు. వందలమంది కలిసి పాడాలంటే ఒక పాఠానికి ఒప్పుకోవాలి. పెద్ద విద్వాంసుడు కూడా తన సంగతులను కాసేపు పక్కన పెట్టాలి. వరాళి విషయం ఇంకా తమాషాగా ఉంటుంది. ఆ రాగాన్ని గురువు ఎదురుగా కూర్చోబెట్టి నేర్పితే గురుశిష్యులకు చెడుతుందని పాత నమ్మకం. అందుకే కాబోలు, ఆ కృతి వచ్చేసరికి గొంతులు కాస్త పలచబడతాయని చాలామంది అంటారు. మీరూ విని చూడండి.

ఐక్యతతో గొడవలన్నీ తీరలేదు. తమిళ కచేరీల్లో తమిళ పాటలకు చోటు కావాలని తమిళ ఇసై ఉద్యమం అప్పుడే ఊపందుకుంది. 1946 ఆరాధనలో ఎం.ఎం. దండపాణి దేశికర్ ఒక తమిళ కీర్తన పాడితే, సన్నిధి అపవిత్రమైందన్నవారు ఉన్నారు. త్యాగరాజు కృతులు తెలుగువి కనుక మనకు ఇక్కడ ఒక పక్షం వహించాలనిపించడం సహజం. కానీ ఆ పాటలను పోషించి, నేర్చుకుని, ఇవాళ్టిదాకా తెచ్చింది ఎక్కువగా తమిళ గొంతులే. వాళ్ల సొంత భాషలో ఒక్క పాటకు చోటు లేదనడం ఎలాంటి న్యాయమో ఆలోచించండి.

నాగరత్నమ్మ 1952 మే 19న మరణించింది. అంతకుముందే తన ఆస్తిని గుడి నిర్వహణ కోసం ట్రస్టుకు రాసి, స్త్రీలు అక్కడ అర్చించడానికీ పాడడానికీ ఎవరూ అడ్డు రాకూడదని వీలునామాలో పెట్టింది. ఆమెను త్యాగరాజ సమాధి సమీపంలోనే సమాధి చేశారు. ఈసారి ప్రసారం చూసేటప్పుడు కెమెరా గుడి ఆవరణ వైపు తిరిగితే జాగ్రత్తగా గమనించండి. త్యాగరాజు గుడికి ఎదురుగా, చేతులు జోడించి కూర్చున్న ఒక స్త్రీ విగ్రహం ఉంటుంది. అది ఆమెదే. ఇప్పుడు ఆమె గుడి ముందువైపునే ఉంది.