డ్రెస్డెన్‌లో ఔరంగజేబు కొలువు

జర్మనీ దేశమున సాక్సనీ ప్రభువులకు రాజధానిగా నుండిన డ్రెస్డెన్ నగరమున, ‘గ్ర్యూనెస్ గెవోల్బె’ అను పేర ప్రసిద్ధికెక్కిన రాజభాండాగారమునందు, 142 సెంటీమీటర్ల వెడల్పు గల యొక వేదికపై, ఔరంగజేబు చక్రవర్తి జన్మదినోత్సవము మూడువందల యేండ్లకు పైగా జరుగుచునే యున్నది. పందిరి క్రింద సింహాసనమున చక్రవర్తి కొలువుదీరగా, మెట్ల దిగువను సామంతులు సాగిలపడుచుండగా, ఏనుగులును, ఒంటెలును, గొడుగులు పట్టిన పరిజనులును కానుకలతో బారులు తీరియుందురు. మొదట 137గా నుండి నేడు 132 మిగిలిన ఆ బంగారు బొమ్మలపై మీనాపని రంగులు ఇంకను తడియారనట్లే మెరయుచున్నవి. వీని నడుమ సుమారు అయిదువేల వజ్రములు పొదుగబడియున్నవి.

ఈ కొలువును తీర్చిన స్వర్ణకారుడు యోహాన్ మెల్కియోర్ డింగ్లింగర్. 1664లో బీబరాఖ్ పట్టణమున బుట్టి డ్రెస్డెన్ ఆస్థానమున స్థిరపడిన యీతడు, మీనాపనిలో సిద్ధహస్తుడైన గేయోర్గ్ ఫ్రీడ్రిఖ్, రత్నములు పొదుగుటలో నేర్పరియైన గేయోర్గ్ క్రిస్టోఫ్ అను సోదరులను తోడుచేసికొని, 1701 మొదలు 1708 వరకు, ప్రభువాజ్ఞకై యెదురుచూడక, తన పూనికతోనే యీ మహాకార్యమును నెరవేర్చెను. దానిని 58,485 థాలర్లకు గొన్నవాడు సాక్సనీ ప్రభువైన అగస్టసు. 1697లో పోలెండు కిరీటమును బడసిన యీ రాజు, తన్నెన్నుకొనిన ప్రభువర్గమువారు గీసిన హద్దులలో మెలగవలసినవాడై, 1706లో స్వీడన్ రాజు పన్నెండవ చార్లెసుకు లోబడి ఆ కిరీటమునే వదలుకొనెను. ఎదురుమాట యెరుగని యేకచ్ఛత్రాధిపత్యమును బొమ్మల రూపముననైన కన్నులార జూచుకొనవలెనను తహతహయే ఆతనిచే అంత ధనమును వెచ్చింపజేసినదని నా నమ్మకము.

డింగ్లింగర్ భారతదేశమును జూచినవాడు కాడు. టావెర్నియర్, బెర్నియర్ మొదలగు ఫ్రెంచి యాత్రికుల గ్రంథములే ఆతనికి కన్నులైనవి. చాలనిచోట చీనా, ఈజిప్టు దేశముల రూపములను గూడ కలుపుకొని ఊహతో పూరించుకొనెను. ఆతడు పనికి బూనుకొనిన 1701 నాటికి ఔరంగజేబు ఢిల్లీలోనే లేడు. 1687లో గోలకొండను వశపరచుకొనిన ఆ చక్రవర్తి దక్షిణాపథమున దండయాత్రలలో వృద్ధుడై, ఉత్తరదేశమునకు మరలి పోకయే, డ్రెస్డెన్‌లో పని ముగియుటకు ఒక యేడు ముందు, 1707లో అహమదునగరమున కన్నుమూసెను.

రూపములు ఊహాజనితములైనను రాళ్లు మాత్రము మన దేశపువి. బ్రెజిలు గనులు 1720 ప్రాంతమున బయల్పడునంత వరకు ఐరోపాకు వజ్రములు, బోర్నియో నుండి వచ్చు కొలదిపాటి తప్ప, భారతదేశము నుండియే చేరుచుండెను. వానిలో మేలైనవి కృష్ణాతీరపు తెలుగునేలవి. కొల్లూరు గనిని స్వయముగ దర్శించిన టావెర్నియర్ అచట ఇంచుమించు 60,000 మంది పాటుపడుచుండిరని వ్రాసెను. పురుషులు పది పండ్రెండడుగుల లోతున నీరు పడువరకు త్రవ్వగా, స్త్రీలును పిల్లలును ఆ మన్నును మోసికొనిపోయి, పొట్టిగోడలు గట్టిన దొడ్డిలో బోసెడివారు. దానిపై నీరు బోసి, ఒకటి రెండు దినములు నాననిచ్చి, బురద జారిపోవునట్లు కడిగి, మిగిలినదానిని ఎండబెట్టి, ధాన్యమునువలె తూర్పారబట్టి, గడ్డలను రోకళ్లతో జిదిపి, మరల చెరిగి, అటు పిమ్మట చేతులతో వెదకుచుండిరి. డింగ్లింగర్ సోదరులు వాడిన వజ్రములు ఏ గనివో ఒక్కొక్కదానిని గూర్చి నిర్ణయింప వీలుకాదు. అయినను వానిలో పెక్కింటిని మొట్టమొదట చేతబట్టినవారు ఇట్టి కూలివారేయనుట నిస్సంశయము. ఆ జన్మదినోత్సవమున వారికొక బొమ్మయు లేకుండుట నా మనస్సును కలచివేయుచున్నది.

ఈ భాండాగారమందే, కొల్లూరు గనిదని విజ్ఞులు తలచెడి సుమారు 41 కారట్ల ఆకుపచ్చ వజ్రమొకటి కలదు. భూగర్భమున రేడియోధార్మిక ఖనిజముల సామీప్యమున యుగములకొలది పడియుండుటచే దానికా వన్నె సహజముగ గలిగినది. అగస్టసు కుమారుడు దానిని 1741లో లైప్జిగ్ సంతలో గొనెను. 1768లో అది టోపీకి పెట్టుకొను కలికితురాయిలో పొదుగబడినది.

రెండవ ప్రపంచయుద్ధమునాడు ఈ నిధులను కోనిగ్‌స్టైన్ దుర్గమునకు తరలించియుండుటచే, 1945 ఫిబ్రవరిలో బాంబులకు నగరము కాలిపోయినను ఇవి దక్కినవి. పిదప సోవియటు రష్యాకు చేరి, 1958లో తిరిగి వచ్చినవి. 2004 నుండి డ్రెస్డెన్ రాజప్రాసాదమునందలి నూతన ప్రదర్శనశాలలో ఔరంగజేబు కొలువును చూడవచ్చును.