దవడ నొప్పికి కరెంటు వైద్యం

తలనొప్పి తగ్గాలంటే బతికున్న చేపను నొప్పి ఉన్నచోట పెట్టమన్నాడు రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్. క్రీ.శ. 47 ప్రాంతంలో రాసిన మందుల పుస్తకంలో ఉందీ చికిత్స. అది కరెంటు పుట్టించే టార్పెడో చేప. తిమ్మిరెక్కగానే తీసేయాలి, లేకపోతే స్పర్శే పోతుందని హెచ్చరించాడు కూడా. రాత్రంతా పళ్ళు పటపటా కొరికి, పొద్దున్నే దవడలు, కణతలు పట్టేసి లేచేవాళ్ళకు ఇప్పుడు పెట్టే, చర్మం మీదుగా నరాలకు చిన్న కరెంటు పంపే టెన్స్ ప్యాడ్లకు ముత్తాత ఈ చేపే అంటే ఎంత ముచ్చటగా ఉంటుందో!

తర్వాత పదిహేడు వందల ఏళ్ళు ఒక్క అంగలో దాటేయవచ్చు. 1745-46లో లైడెన్ జాడీతో కరెంటును నిలవచేయడం తెలిసింది. 1760లో మత బోధకుడు జాన్ వెస్లీ కరెంటు వైద్యం మీద ఏకంగా పుస్తకమే వేశాడు.

నా మనసు ఆగేది మాత్రం పారిస్‌లో, డుషెన్ దగ్గర. 1806లో బులోన్‌లో పుట్టిన ఈ డాక్టరు కరెంటు పెట్టె పట్టుకుని ఆసుపత్రుల్లో రోగులను వెతుక్కుంటూ తిరిగేవాడు. అంతకుముందు కొందరు కండరాల్లోకి సూదులు గుచ్చి కరెంటు పంపేవారు. డుషెన్ తడి ఎలక్ట్రోడ్లను చర్మం మీద ఆనించి, ఒక్కో కండరాన్నీ విడిగా కదిలించాడు. 1862 నాటి ఆయన పుస్తకంలోని ఫొటోల్లో పళ్ళూడిన ముసలాయన ఒకడు కనిపిస్తాడు. అతని ముఖానికి స్పర్శ బాగా తక్కువ, అందుకే షాకు బాధించేది కాదు. పక్కనే డుషెన్, చేతుల్లో ఎలక్ట్రోడ్లు. ఏ కండరం ఎక్కడ పలుకుతుందో ఆ చేతులకు తెలుసు. ఆ ఫొటోలు కొన్నిటిని 1872లో డార్విన్ తన పుస్తకంలో వాడుకున్నాడు.

ఆ ఫొటోల్లో డుషెన్ కదిలించినవి నవ్వు, ఏడుపు పలికించే కండరాలు. పళ్ళు కొరికితే నొప్పెట్టేవి నమిలే కండరాలు. దవడ మూల మీద వేలుంచి పళ్ళు బిగించండి, ఉబ్బేదే మాసెటర్. కణత దగ్గర కదిలేది టెంపొరాలిస్.

ఇక నొప్పి సంగతికొస్తే, 1965లో పరిశోధకులు మెల్‌జాక్, వాల్ గేటు సిద్ధాంతం చెప్పారు: స్పర్శ సంకేతాలు జోరందుకుంటే నొప్పి సంకేతాలకు దారి మూసుకుంటుందని. టెన్స్‌కు బలం వచ్చింది అక్కడే. సియాటిల్ డెంటిస్టు బెర్నార్డ్ జాంకెల్సన్ దవడ కండరాలను సడలించడానికి మయో-మానిటర్ అనే కరెంటు పరికరం తయారుచేశాడు.

ఇప్పుడు టెన్స్ పెట్టె ఆన్‌లైన్‌లో వస్తుంది, ప్యాడ్లు తోచినచోట అతికిస్తున్నారు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా వాడకూడదు, మెడ ముందువైపు ఎవరూ పెట్టకూడదు. పైగా కరెంటు కొందరికి నొప్పి తగ్గిస్తుందేమో గానీ పళ్ళు అరగకుండా కాపాడదు, దానికి నైట్ గార్డు కావాలి. డుషెన్ చేతుల్లోని ఆ పనితనం పోగొట్టుకోవడమే నాకు బాధ. డెంటల్ కాలేజీల్లో మెషీన్ కన్నా ముందు కండరాన్ని తడిమి గుర్తుపట్టడం నేర్పాలి.