గులాబి: పదంలోని నీరు, పెరటిలోని పువ్వు – కృష్ణా దిగువ డెల్టాపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల ఇళ్ల ముంగిళ్లలో గులాబి నేడు అతి సాధారణమైన మొక్క. రేవుకు వచ్చిన ఓడలను, కాలువల పొడవును, వరిసాగు విస్తీర్ణాన్ని ప్రభుత్వ పత్రాలు లెక్కించాయి. పెరటి పూలమొక్కను లెక్కించే అవసరం వాటికి కలగలేదు. అది ప్రధానంగా స్త్రీల పోషణలో, ఇంటి నీటి వాడకంలో భాగంగా పెరిగిన మొక్క. అందువల్ల దాని చరిత్రకు ఆధారాలను పత్రాలతోపాటు పదాల్లో, సామెతల్లో, పెంపకపు అలవాట్లలోనూ వెతకవలసి ఉంటుంది. దిగువ డెల్టాలో గులాబి చరిత్ర మూలతః మంచినీటి చరిత్ర అని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదం చెప్పే చరిత్ర

పారశీకంలో 'గుల్' అంటే పువ్వు, 'ఆబ్' అంటే నీరు. ఆ భాషలో 'గులాబ్' పువ్వు పేరు కాదు, పూరేకులను బట్టీపట్టి తీసిన పరిమళజలం పేరు. హిందీ, ఉర్దూ భాషల్లో అది పువ్వుకు పేరైంది. 'గులాబీ' అనే విశేషణం ఆ పువ్వు రంగును తెలిపింది. తెలుగు ఆ విశేషణ రూపాన్నే పువ్వుకు పేరుగా స్వీకరించి, రంగును చెప్పవలసినప్పుడు 'గులాబిరంగు' అన్నది. ఈ పదం తెలుగులో స్థిరపడే నాటికి గులాబి అంటే లేత ఎరుపు పువ్వే అన్న ఊహకు ఈ పరిణామం బలమిస్తుంది. 'ఎర్రగులాబి', 'తెల్లగులాబి' అనే మాటల్లో ఇప్పుడు వైరుధ్యం తోచకపోవడానికి కారణం పదంలోని రంగు మరుగున పడటమే. తెలుపు, ఎరుపు కలిసిన వర్ణాన్ని అమరకోశం పాటలమని పేర్కొన్నది. కావ్యభాషలో ఆ మాట ఉన్నా, వాడుక మాత్రం గులాబినే ఎంచుకొన్నది.

నీటి అర్థాన్ని తెలుగులో 'పన్నీరు' నిలుపుకొన్నది. తమిళంలో 'పని' అంటే మంచు. దానినిబట్టి పన్నీరును చల్లని నీరుగా వివరించవచ్చు. పెళ్లిపందిట్లో పన్నీటిబుడ్డితో చిలకరించేది ఈ నీటినే. 'బూడిదలో పోసిన పన్నీరు' అన్న సామెతకు బలం పన్నీరు విలువైనది కావడంలోనే ఉంది.

రేవుకు వచ్చిన పరిమళం

1443లో విజయనగరాన్ని దర్శించిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, ఆ నగరవాసులకు గులాబీలు అన్నంతో సమానమైన అవసరమని రాశాడు. అయితే విజయనగరం మెట్టభూముల నడుమ ఉన్న నగరం. బంకమన్ను, తేమగాలి, ఉప్పునీరు కలిసిన సముద్రతీరపు పరిస్థితి వేరు. పన్నీటికి పేరుపడిన డమాస్కస్ గులాబి చలికాలపు చల్లదనాన్ని కోరుతుంది. కృష్ణా ముఖద్వారపు వాతావరణం దానికి అనుకూలం కాదు.

గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవైన మచిలీపట్నానికి ఆ పువ్వు బదులు దాని నీరు వచ్చింది. కుతుబ్‌షాహీలకు, ఇరాన్ సఫావీలకు మధ్య షియా మతబంధం ఉండేది. 17వ శతాబ్దిలో ఇక్కడి ఓడలు బందర్ అబ్బాస్‌కు నడిచేవి. గుర్రాలు, ఎండుఫలాలతోపాటు పన్నీరు కూడా ఆ దేశపు దిగుమతుల్లో ఉండేది. ఇరాన్‌లోని అర్దిస్తాన్‌కు చెందిన మీర్ జుమ్లా 1630లలో ఈ రేవుపట్నానికి హవాల్దారుగా ఉన్నాడు. పట్నానికి వాడుకపేరైన 'బందరు' కూడా రేవు అనే అర్థమున్న పారశీక పదమే. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు ఇక్కడ వర్తకస్థానాలు ఏర్పరిచారు. గులాబికి పర్యాయంగా తెలుగులో నిలిచిన 'రోజా' ఐరోపా భాషల నుంచి వచ్చిన మాట. ఒకే పువ్వుకున్న ఈ రెండు పేర్లు రెండు సముద్రమార్గాలను గుర్తుచేస్తున్నాయి.

అనకట్ట, అంటుమొక్క

వాడుకలోకి వచ్చిన పేరు ఇంటి మొక్కగా మారడానికి రెండు మార్పులు తోడ్పడ్డాయి. మొదటిది నీరు. 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణపై అనకట్ట పూర్తయింది. కాలువల ద్వారా నదీజలం గుడివాడ పల్లెలకు, బందరుకు చేరింది. తరువాత పులిగడ్డ అక్విడక్టు మీదుగా దివిసీమకూ అందింది. రెండవది మొక్క. 19వ శతాబ్ది ఆరంభంలో హిందూ మహాసముద్రంలోని బూర్బోన్ ద్వీపంలో, అంటే నేటి రీయూనియన్‌లో, చైనా గులాబి, డమాస్కస్ గులాబి కలిసి కొత్త జాతి ఏర్పడింది. లేత ఎరుపు రంగు, సువాసన, మళ్లీమళ్లీ పూసే గుణం దాని లక్షణాలు. దక్షిణ భారతంలో 'ఎడ్వర్డ్' పేరుతో వ్యాపించిన ఈ రకం వేడిని తట్టుకొని, అంటుకట్టడానికి వేరుమూలంగానూ ఉపయోగపడింది. కడియం నర్సరీల అంటుమొక్కలు కోస్తా జిల్లాలన్నిటికీ చేరుతున్నాయి.

పెంపకం, అనుభోగం

ఇక్కడి పెంపకపు పద్ధతులన్నీ నేలతో రాజీలే. గుడివాడ ప్రాంతపు నల్లబంకమట్టిలో నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. అందుకే ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి మడిని ఎత్తుచేస్తారు. తీరంవైపు భూమిలో ఉప్పు ఉంటుంది కనుక కుండీలు మేలు. బియ్యం కడిగిన నీళ్లు మొక్కకు పోయడం ఇళ్లలో ఉన్న అలవాటు. వానలు తగ్గాక కొమ్మలు కత్తిరిస్తారు; అంటుకు దిగువన వచ్చే పిలకలను తీసివేస్తారు. ఇంట ముళ్లమొక్క కూడదనే నమ్మకం కూడా గులాబికి మినహాయింపునిచ్చింది.

పూసిన పువ్వు జడలోకో, దేవుడి పటానికో వెళ్తుంది, లేదా కొమ్మనే ఉంటుంది. కోయవద్దని పువ్వులు వేడుకొనే జంధ్యాల పాపయ్యశాస్త్రి 'పుష్పవిలాపం'ను ఇంటింటికీ చేర్చిన ఘంటసాల 1922లో గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో జన్మించాడు. కోయడమా, కొమ్మనే చూసి ఆనందించడమా అన్న సందేహం ఆ గానంతో ఇళ్లలో మరింత పరిచితమైంది.

ఉప్పు

ఈ చరిత్రకు రెండో ముఖం ఉప్పు. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెన వేలాది ప్రాణాలు తీసింది. అంతటి విషాదం ముందు పూలమొక్క ప్రస్తావన అల్పంగా తోచవచ్చు. అయితే సముద్రపు నీరు తగిలిన నేలకు ఏమవుతుందో గులాబి తొందరగా తెలుపుతుంది. ఉప్పును ఏమాత్రం సహించలేని ఈ మొక్కకు ముందు ఆకుల అంచులు మాడతాయి. కాలువల చివరి భూములకు మంచినీరు తగ్గడం, భూగర్భజలం ఉప్పబారడం, చేపల, రొయ్యల చెరువులు విస్తరించడం నేడు దివిసీమలో చర్చనీయాంశాలు. ముంగిలిలో గులాబి నిలవని స్థితి అక్కడి తాగునీటి స్థితి గురించి కూడా హెచ్చరిస్తుంది.

ముగింపు

ఓడల్లో వచ్చిన పన్నీరు విలాసవస్తువు. కాలువ నీటితో పెరిగిన గులాబి సామాన్యుల సొత్తు. ఈ మార్పునకు పత్రసాక్ష్యం తక్కువ, పదసాక్ష్యం ఎక్కువ. ఆ పదాలు కూడా జారిపోతున్నాయి: గులాబిరంగు స్థానాన్ని 'పింక్' ఆక్రమిస్తున్నది, పన్నీటిబుడ్డి పెళ్లిళ్లలో అరుదవుతున్నది. పెరటి మొక్కల పేర్లను, పెంపకపు మాటలను దివిసీమ, బందరు, గుడివాడ ప్రాంతాల వృద్ధ స్త్రీల నుంచి సేకరించడం మాండలిక పరిశోధన తక్షణం చేపట్టవలసిన పని. నేల ఉప్పబారి మొక్క పోయిన చోట దానికి సంబంధించిన మాట ఎక్కువకాలం నిలవదు.