నకలు డిస్కు ఏల మేల్కొనదు?

కరీంనగరములోనో ఆదిలాబాదులోనో ఒక పాఠశాల కంప్యూటరు గదిని ఊహించుకొనుడు. కార్యాలయపు కంప్యూటరులోని పాత హార్డ్ డిస్కు మందగించినది. దానిలోని సమస్తమును, పదేండ్ల మార్కుల పట్టికలతో సహా, కొత్త ఎస్.ఎస్.డి. లోనికి పొల్లుపోకుండ నకలు తీసిరి. పాతదానిని ఊడదీసి, కొత్తదానిని బిగించి, మీట నొక్కిరి. నల్లని తెరపై, బూట్ చేయదగిన పరికరమేదియు లేదను ఒక్క పంక్తి మాత్రము కనబడినది. నకలు తప్పా? చాలమారులు కాదు. నకలు సరిగా నుండుటయే ఒక్కొక్కప్పుడు చిక్కు తెచ్చును. దీని కారణము తెలియవలెనన్న, కంప్యూటరు మేల్కొను పద్ధతి ఎట్లు పెరిగినదో చూడవలెను.

విద్యుత్తు ఆగగనే కంప్యూటరు ర్యామ్‌లో ఏమియు మిగులదు. మరల మీట నొక్కినపుడు డిస్కునుండి ప్రోగ్రామును చదువవలెను. కాని చదువుటకును ఒక ప్రోగ్రాము కావలెను గదా! తన బూటు పట్టీని తానే లాగి తన్ను తాను పైకెత్తుకొనుట వంటి ఈ పనికి బూట్‌స్ట్రాప్ అని పేరు వచ్చినది; బూట్ దాని పొట్టిపేరు. 1952లో ప్రకటింపబడిన ఐ.బి.ఎం. 701 యంత్రమున లోడ్ అను మీట ఉండెడిది. అది నొక్కగనే మొదటి పదము లోనికి వచ్చి తక్కినవానిని పిలిచెడిది. 1965 నాటి పి.డి.పి.-8 వంటి చిన్న కంప్యూటర్లలో ఆ మొదటి కొద్ది ఆజ్ఞలను మనిషియే, ముందు పలకపైని మీటలను పైకి క్రిందికి వేయుచు, ఒక్కొక్కటిగా ఎక్కింపవలసి వచ్చెడిది. మన హైదరాబాదులో 1967లో నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ 1970ల దశాబ్దిలో టి.డి.సి.-312, టి.డి.సి.-316 లను తయారుచేసినది ఆ తరములోనే.

1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు ఆ శ్రమను తీసివేసినది. బయోస్ అను ప్రోగ్రామును చెరగని చిప్‌లో ఉంచిరి. 1983లో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో పి.సి. ఎక్స్.టి. వచ్చినపుడు ఒక నియమము స్థిరపడినది: బయోస్‌కు డిస్కు గురించి తెలియవలసినది ఒక్కటే, దాని మొట్టమొదటి సెక్టరు. 512 బైట్ల ఆ సెక్టరే మాస్టర్ బూట్ రికార్డు. అందు 446 బైట్లు ప్రోగ్రామునకు, 64 బైట్లు నాలుగు పార్టీషన్ల పట్టికకు, చివరి రెండు గుర్తునకు. ఇంత ఇరుకు గదిలో ఇంత పని చేయించినవారి పొదుపును మెచ్చుకొనక తప్పదు.

అయితే ఈ సెక్టరు ఏ ఫైలులోను లేదు. కావున ఫైళ్ళను మాత్రమే కాపీ చేసినచో అది వెనుకనే యుండిపోవును. ఇల్లంతయు తరలించి గడపను మరచినట్లు! 1990ల నడుమ న్యూజిలాండులో ముర్రే హాజర్డ్ రచించిన ఘోస్ట్ వంటి ప్రోగ్రాములు డిస్కును మొత్తముగా నకలు తీయుటను వాడుకలోనికి తెచ్చినవి. 1998లో సిమాంటెక్ సంస్థ దానిని కొన్నది. ఒక యంత్రమును సిద్ధము చేసి, గదిలోని తక్కినవానినన్నిటిని దాని అచ్చుగా దింపుట సులభమైనది.

గడప సమస్య తీరగనే మరియొకటి తల ఎత్తినది. విండోస్ ఎన్.టి. వంశము ప్రతి డిస్కునకు మొదటి సెక్టరులోనే నాలుగు బైట్ల సంఖ్య నిచ్చినది. ఒకే పేరుగల ఊళ్ళు పెక్కుండుటచే ఉత్తరములు దారి తప్పుచుండగా, తపాలా శాఖ 1972 ఆగస్టు 15న పిన్ కోడును తెచ్చినది. కరీంనగరమునకు 505001, ఆదిలాబాదునకు 504001. డిస్కు సంఖ్యయు అట్టిదే. కాని నిక్కమైన నకలులో పిన్ కోడు కూడ నకలగును! ఒకే సంఖ్యగల రెండు డిస్కులు ఎదురైనచో విండోస్ ఒకదాని సంఖ్యను మార్చును, లేదా దానిని పనిచేయనీయక ప్రక్కన నుంచును. సంఖ్య మారినదో, నకలులో వ్రాసియున్న పాత చిరునామా ఎవ్వరికిని చెందదు. విండోస్ ఎక్స్.పి. దినములలో వింత యింకను ముదిరెడిది. నకలును పాతదానితో కలిపి మొదటిసారి నడిపినచో, సి అను అక్షరము పాత డిస్కునకే నిలిచిపోవును. కొత్తది సగము పాతదానిపై ఆధారపడి నడచును; పాతదానిని తీసిన నాడు పడక వేయును.

మొదటి సెక్టరులోని పట్టిక 32 బిట్ల సంఖ్యలతో లెక్కించుటచే, 512 బైట్ల సెక్టరులు గల డిస్కులలో సుమారు 2.2 లక్షల కోట్ల బైట్లకు మించి చేరలేదు. 1998లో ఇంటెల్ ప్రారంభించిన ప్రయత్నము ఇ.ఎఫ్.ఐ. గాను, 2005 తరువాత పలు సంస్థల కూటమి చేతిలో యు.ఇ.ఎఫ్.ఐ. గాను పరిణమించినది. దీనితో వచ్చిన జి.పి.టి. పట్టికలో ప్రతి పార్టీషనుకు 128 బిట్ల గుర్తింపు సంఖ్య ఉండును. ముఖ్యమైన మార్పు వేరొకటి. ఏ డిస్కులో, ఏ పార్టీషనులో, ఏ ఫైలును తెరువవలెనో ఇపుడు మదర్‌బోర్డు కూడ తన స్వంత జ్ఞాపకములో వ్రాసికొనును. డిస్కును ఎంత శ్రద్ధగా నకలు తీసినను, డిస్కులో లేనిది ఎట్లు వచ్చును?

బాసరలో 2008లో నెలకొన్న రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము నాడు ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11న జిల్లాలు విభజింపబడగా నిర్మల్ జిల్లాలోనికి వచ్చినది. భవనము అంగుళమైనను కదలలేదు, చిరునామా మారినది. నకలు డిస్కు విషయము దీనికి తారుమారు: కాపురము కదలినది, చిరునామా మాత్రము పాతదే.

లినక్స్‌కును ఈ చరిత్ర తప్పలేదు. లిలో అను పాత బూట్ ప్రోగ్రాము డిస్కుపైని దిమ్మెల స్థానములనే గుర్తుంచుకొనెడిది. ఫైళ్ళు చోటు మారిన దానిని మరల నడుపవలసి వచ్చెడిది. తరువాత గ్రబ్ ఫైలు పేరుతో వెదకుట నేర్చినది; డిస్కులను స్థానముచే గాక యు.యు.ఐ.డి. సంఖ్యచే గుర్తించుట వాడుకైనది.

కాబట్టి పాఠశాల వారు మొదట చేయవలసినది నకలును మరల తీయుట కాదు. పాత డిస్కును తొలగించియే కొత్తదానిని మొదటిసారి నడుపవలెను. పాత వ్యవస్థ బయోస్ పద్ధతిలో నడచినదా, యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిలోనా అని చూచి, సెటప్‌లో అదే పద్ధతిని ఎన్నుకొనవలెను. ఈ ఒక్క పొరపాటే పెక్కు నల్లని తెరలకు మూలము. బూట్ పట్టికలో కొత్త డిస్కు పేరున్నదా చూడవలెను. అప్పటికిని లేవకున్నచో విండోస్ స్థాపక యు.ఎస్.బి. నుండి బి.సి.డి.బూట్ అను ఆజ్ఞ నిచ్చినచో, అది బూట్ ఫైళ్ళను, చిరునామాలను మరల వ్రాయును; మార్కుల పట్టికల జోలికి పోదు. లినక్స్ అయినచో ఎఫ్‌స్టాబ్ ఫైలులోని సంఖ్యలను కొత్తవానితో సరిచూచి, గ్రబ్‌ను మరల స్థాపింపవలెను. కొత్త డిస్కు ఎన్.వి.ఎం.ఇ. రకమైనచో దాని డ్రైవరు లేకయు యంత్రము ఆగవచ్చును. అది వేరు వ్యాధి.

ఈ పని ముగియువరకు పాత డిస్కును చెరిపివేయరాదు. కొత్తది ఒంటరిగా నాలుగైదు దినములు లేచి, మార్కుల పట్టికలు దానినుండియే తెరచుకొనిన తరువాత పాతదానిపై తేదీ వ్రాసి బీరువాలో పెట్టవచ్చును.