కృష్ణా డెల్టాలో వరికోత – వాతావరణము

గడచిన శతాబ్దముల వాతావరణమును తెలిసికొనుటకు పంటకోతల తేదీలు కూడ ఒక సాధనము. ఫ్రాన్సు దేశములోని బోన్ పట్టణమున ద్రాక్షకోత మొదలయిన తేదీలు 1354వ సంవత్సరము నుండి లభించుచున్నవి. ఎండలు హెచ్చుగా కాచిన యేట ద్రాక్ష ముందుగా పండును. చల్లని యేట కోత ఆలస్యమగును. కావున ఆ తేదీలను బట్టి శాస్త్రజ్ఞులు ఆరువందల యేండ్లకు పైబడిన ఉష్ణోగ్రతలను అంచనా వేయగలిగిరి. అక్కడ కోత తేదీని ఎండ నిర్ణయించును. మన కృష్ణా డెల్టాలో వరికోత తేదీని ముఖ్యముగా నిర్ణయించునది కాలువనీరు.

ఆనకట్టకు పూర్వము

కృష్ణానది పడమటి కనుమలలో, మహాబలేశ్వరము వద్ద పుట్టును. నైరుతి ఋతుపవనములు ఆ కనుమలపై వర్షించినపుడు నదికి వరద వచ్చును. ఆనకట్ట లేని రోజులలో ఆ నీరు చాలవరకు సముద్రము పాలగుచుండెను. డెల్టా రైతు మాత్రము తన పొలముపై పడు వాన కొరకే ఎదురు చూడవలసి వచ్చెడిది. 1832–33లో, అనగా నందన నామ సంవత్సరమున, వానలు లేక గుంటూరు ప్రాంతమున ఘోరమైన కరువు సంభవించినది. సుమారు 5 లక్షల జనాభాలో మూడవ వంతు నశించినదని అంచనా. నందన కరువు, డొక్కల కరువు అని ప్రజలు చెప్పుకొన్నది దీనినే.

1852లో విజయవాడ (నాటి బెజవాడ) వద్ద, ఇంద్రకీలాద్రికిని సీతానగరము కొండకును నడుమ ఆనకట్ట పని ఆరంభమైనది. ఆర్థర్ కాటన్ ప్రోత్సాహముతో, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో, సుమారు 3,700 అడుగుల పొడవు గల ఆ కట్టడము 1855లో ముగిసినది. 1952లో దానికి గండి పడినది. దాని స్థానమున 1954లో ఆరంభమై 1957లో పూర్తియైనదే ప్రకాశం బారేజీ. ఈ కట్టడములతో వరి నాట్లకు స్థానికమైన వానపై ఆధారపడవలసిన అవసరము చాలవరకు తొలగినది. కాని కోత సంగతి వేరు.

ఒకే వాన, వేరువేరు ఫలితములు

డెల్టాలో పేరుపొందిన స్వర్ణ రకపు వరి సుమారు 150 రోజుల పంట. జూన్ నడుమ నారు పోసినచో సార్వా పైరు అక్టోబరులో ఈని, నవంబరు నడుమకు కోతకు వచ్చును. నారు ఒక నెల ఆలస్యమైనచో కోత డిసెంబరుకు జరుగును.

ఈ నెల తేడా స్వల్పమైనది కాదు. ఆగస్టులో పిలకలు వేయు పైరుకు మేలు చేసిన వానయే, పూత సమయమున కీడు చేయును. వరిపువ్వు సాధారణముగా ఉదయము 9 గంటలకు, మధ్యాహ్నమునకు నడుమ కొద్దిసేపు మాత్రమే విచ్చుకొనును. అప్పుడు గట్టివాన కురిసిన పుప్పొడి కొట్టుకొనిపోయి, గింజలు తాలుగా మిగులును. పాలు పోసికొను దశలో మబ్బు పట్టియున్నచో ఆకులలో పిండిపదార్థపు తయారీ తగ్గి, గింజ తూకము తగ్గును. పండిన పైరు గాలికి పడిపోయి కొన్ని రోజులు నీటిలో నానినచో, గింజలోని పిండి చక్కెరగా మారనారంభించి, వెన్నుపైననే మొలకలు వచ్చును. కోసి పనలపై నున్న వరికిని ఇదే ప్రమాదము. అట్టి ధాన్యము రంగు మారి, ధర పలుకదు.

తుఫానుల కాలము

ఋతుపవనముల నడిమి నెలలలో బంగాళాఖాతముపై క్రింది గాలులకును పై గాలులకును వేగములో, దిశలో గొప్ప భేదముండును. అందుచేత పెద్ద తుఫానులు నిలద్రొక్కుకొనుట కష్టము. అక్టోబరు నుండి ఆ భేదము తగ్గును. సముద్రము వెచ్చగనే యుండును. అల్పపీడనములు దక్షిణ, మధ్య బంగాళాఖాతములో పుట్టి, బలపడి, పడమటి తీరమువైపు సాగును. ఈ కాలమునకును వరికోతకును పొత్తు కుదురుటయే డెల్టాకు కష్టము.

1864 నవంబరు 1వ తేదీన మచిలీపట్నమును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేలమంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో మరణించినవారు సుమారు 10 వేలు. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపమున తీరము దాటిన మిచాంగ్ తుఫాను కోతకు వచ్చిన వరిని, కోసిన వరిని కూడ ముంచినది.

తేదీని మార్చుట

తుఫానును ఆపుట సాధ్యము కాదు. కోతను ముందునకు జరుపుట కొంతవరకు సాధ్యము. కృష్ణపై ఎగువన అనేక జలాశయములు వెలసిన తరువాత, అవి నిండినగాని డెల్టాకు నీరు రాని సంవత్సరములు ఏర్పడినవి. నీరు ఆలస్యమైన నాట్లు ఆలస్యము. నాట్లు ఆలస్యమైన కోత తుఫానుల నోటబడును. వరికోతకు ముందు చేలలో చల్లు మినుము కూడ వెనుకబడును. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీటిని ప్రకాశం బారేజీ ఎగువకు చేర్చుటలోని ఒక ముఖ్యోద్దేశము, నాట్లు ముందుగా పడునట్లు చేయుటయే. సుమారు 120 రోజులలో పండు ‘కాటన్ దొర సన్నాలు’ వంటి రకములును ఇందుకు తోడ్పడును.

డెల్టాలోని ఉన్నత పాఠశాలల విద్యార్థులు తమ గ్రామమున కాలువకు నీరు వచ్చిన తేదీ, నాట్లు, ఈనిక, కోత తేదీలు, వానపడిన దినములు యేటేట వ్రాసియుంచవచ్చును. పది సంవత్సరముల లెక్క చేరినచో, ఏ వారమున నాటిన పైరు ఎన్నిసార్లు క్షేమముగా ఇల్లు చేరినదో గ్రామస్థులకు స్పష్టముగా తెలియగలదు.