తుపాకీకి కూడా సంతకం కావాలి

పాకిస్తాన్‌లో మిలిటరీ పాలన మామూలే కదా అని మనవాళ్ళు తేలిగ్గా తీసిపారేస్తారు. నాకు మాత్రం ఒక ప్రశ్న మిగిలిపోతుంది. చేతిలో తుపాకీ ఉన్నవాడు జడ్జీల ఆమోదం కోసం ఎందుకు వెంపర్లాడతాడు? రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు తోచే జవాబు ఇది: ఎంత పెద్ద అధికారి పంపిన బిల్లైనా సంతకం లేకపోతే పాస్ కాదు.

పాకిస్తాన్ సుప్రీంకోర్టు ఆ సంతకం చాలాసార్లు పెట్టింది. 1958లో దోసో కేసులో పెట్టింది. 1977లో జియా ఉల్ హక్ తిరుగుబాటు "అవసరం కొద్దీ" జరిగింది కాబట్టి చెల్లుతుందంది. 1999లో ముషారఫ్ వచ్చాడు. 2000 జనవరిలో జడ్జీలను తన ఉత్తర్వు ప్రకారం మళ్ళీ ప్రమాణం చెయ్యమన్నాడు. ప్రధాన న్యాయమూర్తి సయీదుజ్జమాన్ సిద్దిఖీ, మరికొందరు చెయ్యమని ఇంటికి పోయారు. చేసినవాళ్ళలో ఇఫ్తికార్ చౌదరి ఒకరు.

అదే చౌదరి ప్రధాన న్యాయమూర్తి అయ్యాక, 2007 మార్చి 9న ముషారఫ్ రాజీనామా అడిగితే కుదరదన్నాడు. సస్పెండ్ చేశారు. నల్లకోట్లు రోడ్డెక్కాయి. మే 12న కరాచీలో నలభై మందికి పైగా చనిపోయారు. జులై 20న సుప్రీంకోర్టు ఆయన్ని తిరిగి కుర్చీలో కూర్చోబెట్టింది.

నవంబర్ 3న ఎమర్జెన్సీ, మళ్ళీ అదే ప్రమాణం. ఈసారి పై కోర్టుల జడ్జీలు అరవై మంది దాకా నిరాకరించారు. రెండు రోజులకే లాహోర్ హైకోర్టులో లాయర్లను లాఠీలతో కొట్టి వ్యాన్లెక్కించారు. దేశమంతా వేలమంది అరెస్టయ్యారు. ఎత్జాజ్ అహ్సన్‌ను జైల్లో పెట్టారు, అస్మా జహంగీర్‌ను ఇంట్లోనే బంధించారు. నిర్బంధంలో మునీర్ మాలిక్ మూత్రపిండాలు దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యాడు. 2008 ఆగస్టులో ముషారఫ్ దిగిపోయాడు. చౌదరి తిరిగి రావడానికి 2009 మార్చి దాకా పట్టింది.

ఇక్కడే ఆగి చప్పట్లు కొడితే మనం హేతువాదులం కాము. 2011 జనవరిలో, దైవదూషణ చట్టాన్ని విమర్శించిన సల్మాన్ తాసీర్‌ను చంపిన హంతకుడిపై కోర్టు దగ్గర కొందరు లాయర్లు గులాబీ రేకులు చల్లారు. అవీ నల్లకోట్లే!

కాబట్టి కోటుకు దండం పెట్టనక్కర్లేదు. మన దేశంలో సైన్యం రాకుండానే, 1976లో ఎమర్జెన్సీ ఖైదీలకు కోర్టుకెళ్ళే హక్కు లేదని అయిదుగురు జడ్జీల్లో నలుగురు తేల్చారు. కాదన్నది హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడే. మరుసటేడు ఆయన్ని దాటేసి జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. మనం లెక్కలోకి తీసుకోవాల్సింది మనిషినీ కాదు, కోటునూ కాదు. పెట్టకూడని చోట సంతకం పెట్టనన్న ఆ ఒక్క పనిని.